పెనం మీది భయం, టీకా మీది ప్రభావం

నాన్‌స్టిక్ దోసెల పెనం మీద నల్లపూత లేచిపోతే చాలు, ఇంట్లో గుబులు మొదలవుతుంది. ఆ పొరలు కడుపులోకి పోయినా అరగవు, మలంతో బయటికి పోతాయి. నిజంగా పట్టించుకోవలసింది ఆ పూత తయారీలో ఒకప్పుడు వాడిన పీఎఫ్‌ఓఏను, దాని కుటుంబమైన పీఫాస్ రసాయనాలను. తడవని బట్టల్లో, నూనె పీల్చని కాగితాల్లో, విమానాశ్రయాల్లో మంటలార్పే నురగలో వీటిని వాడారు. పెనం కంటే కలుషితమైన నీళ్ల నుంచి, చేపల నుంచే ఇవి ఒంట్లోకి ఎక్కువగా చేరతాయి. పీఎఫ్‌ఓఏ లాంటివైతే చేరినదాంట్లో సగం పోవడానికే ఏళ్లు పడుతుంది.

రోగనిరోధక శక్తిని ఇవి దెబ్బతీస్తాయనడానికి ఆధారం ఫారో దీవుల్లో దొరికింది. పరిశోధకుడు ఫిలిప్ గ్రాంజాన్ బృందం 2012లో అక్కడి పిల్లల లెక్కలు ప్రచురించింది. ఐదేళ్లప్పుడు రక్తంలో పీఫాస్ రెట్టింపు ఉంటే, ఏడేళ్లకు ధనుర్వాతం, కంఠసర్పి టీకాల యాంటీబాడీలు దాదాపు సగం తక్కువగా కనిపించాయి. కొందరిలో రక్షణకు కావలసిన మట్టానికీ దిగువకు పడిపోయాయి. 2020లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ కూడా టీకా ప్రభావాన్నే కొలమానంగా తీసుకుని, నాలుగు రకాల పీఫాస్ కలిపి వారానికి కిలో బరువుకు 4.4 నానోగ్రాములు మించకూడదంది.

ఈ ఆధారం చాలదనేవారి వాదనలోనూ బలముంది. యాంటీబాడీలు తగ్గిన పిల్లలు ఎక్కువగా జబ్బుపడుతున్నారా అన్నది తేలలేదు. అంటురోగాల మీద జరిగిన అధ్యయనాలు కొన్ని అవునన్నాయి, కొన్ని కాదన్నాయి. పైగా ఫారో ప్రజలు తినే తిమింగలం మాంసంలో పాదరసం, పీసీబీలనే పారిశ్రామిక రసాయనాలు కూడా ఉంటాయి. ఏ రసాయనం పాలు ఎంతో విడదీయడం కష్టం.

అయినా జబ్బుల లెక్క తేలేదాకా ఆగుదామంటే నేను ఒప్పుకోలేను. ఒకసారి నీళ్లలో కలిశాక వీటిని వెనక్కి తీయడం మహా కష్టం. అలాగని ఆ భయాన్ని తల్లుల నెత్తిన వేయడమూ అన్యాయమే. పీఫాస్ తల్లిపాల ద్వారా బిడ్డకు చేరడం నిజం. ఆ మాట విని పాలు మాన్పిస్తే పసివాడికి జరిగే నష్టం పెద్దది: విరేచనాల నుంచి, న్యుమోనియా నుంచి కాపాడే తల్లి యాంటీబాడీలు ఆ పాలతో అందుతాయి. చనుబాలివ్వడం మానొద్దని వైద్యులు చెప్పడం అందుకే. తన రక్తంలోని పీఫాస్‌ను ఏ తల్లీ కడిగేసుకోలేదు. ఆపవలసింది ఫ్యాక్టరీలోనే.

ఆ పని కొంత జరిగింది. అంతర్జాతీయ స్టాక్‌హోమ్ ఒప్పందం పీఫాస్ కుటుంబంలోని మరో రసాయనమైన పీఎఫ్‌ఓఎస్‌ను 2009లో, పీఎఫ్‌ఓఏను 2019లో కట్టడి జాబితాలో చేర్చింది. అయితే పీఎఫ్‌ఓఏ బదులు తెచ్చిన జెన్‌ఎక్స్ అనే రసాయనం కూడా అదే కుటుంబానిది. తాగునీటిలో దానికి 2024లో హద్దు పెట్టిన అమెరికా, మరుసటి ఏడాదే ఆ హద్దును ఎత్తేస్తామంది. నన్ను పెనం కంటే ఎక్కువగా కలవరపెడుతున్నది ఆ వెనకడుగే.