పెద్దాయన ‘సరే’ అన్నాడంటే ఒప్పుకున్నట్టేనా?

ఆంగ్ మో కియో 1970లలో కట్టిన పేట. అప్పట్లో వయసులో ఉండి ఫ్లాట్లలో చేరిన వాళ్లే నేడు లిఫ్టుల దగ్గర, క్లినిక్కు క్యూల్లో మనకు కనిపించే అంకుల్‌లు, ఆంటీలు. వాళ్లతో మాట్లాడేటప్పుడు చాలామంది గొంతు పెంచేస్తారు, లేదా చంటిపిల్లలతో మాట్లాడినట్టు సాగదీస్తారు. ‘అంకుల్, గుడ్ బాయ్‌లా మందు వేసుకోవాలి, ఓకేనా?’ అంటారు. ప్రేమతోనే అంటారు, కాదనం.

ఈ మాటతీరుకు పరిశోధకులు పెట్టిన పేరు ‘ఎల్డర్‌స్పీక్’. మతిమరుపు జబ్బుతో నర్సింగ్ హోముల్లో ఉన్న వృద్ధులపై అమెరికాలోని కాన్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన క్రిస్టీన్ విలియమ్స్ బృందం 2009లో ఒక అధ్యయనం ప్రచురించింది. సిబ్బంది ఇలా ముద్దుమాటలు ఆడినప్పుడే వాళ్లు ఎక్కువగా ఎదురు తిరిగారట. మామూలుగా మాట్లాడితే ఆ గొడవ తగ్గింది. మనం ‘ముసలి మొండితనం’ అని కొట్టిపారేసేది చాలాసార్లు జవాబే అన్నమాట.

అందరూ ఎదురు తిరగరు. కొందరు ఊరుకుంటారు, తలూపి వెళ్లిపోతారు. మా ఉద్దేశంలో ఇదే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే పైకి కనపడదు.

అసలు చిక్కు చెవిది కాకపోవచ్చు, భాషది కావచ్చు. సింగపూర్‌లో 1979లో మాండరిన్ ఉద్యమం మొదలయ్యాక హొక్కియెన్, కాంటనీస్ లాంటివి టీవీ, రేడియోల్లో దాదాపు వినపడకుండా పోయాయి. చివరికి 2014లో పయనీర్ తరం పథకం వచ్చినప్పుడు, పెద్దలకు అర్థం కావాలని సర్కారే మళ్లీ ఆ భాషల్లో చెప్పించింది. 2016లో వాళ్ల కోసం హొక్కియెన్‌లో టీవీ సీరియల్ కూడా వచ్చింది. వాళ్ల మాటలో చెబితే అరవాల్సిన పనేముంది?

ఈ బాధ మనకు కొత్తేమీ కాదు. పదేళ్లు పని చేసినవాడికి కూడా ‘యూ... దిస్... క్యారీ...’ అని వేళ్లు చూపిస్తూ చెప్పే సూపర్‌వైజర్లు లేరా? అప్పుడు మనమూ తలూపేస్తాం. మనసులో ఏమనుకుంటామో మనకే తెలుసు.

అదే మనం ఆదివారం ఇంటికి ఫోన్ చేసి, ‘నీకు తెలీదులే నాన్నా, చెప్పినట్టు చెయ్యి’ అంటాం. డబ్బు పంపేది మనమే కాబట్టి గొంతు కూడా కాస్త లేస్తుంది. ఆయన ‘సరేరా’ అని ఫోను అమ్మ చేతికిచ్చేస్తాడు. బీపీ మాత్ర వేసుకుంటున్నాడో లేదో మళ్లీ అమ్మని అడిగితేగానీ తెలీదు.