గొలుసు పొడవెంత?

అలుగు - వారం వారం
అనంతగిరి వాసి

వికారాబాద్ నుంచి కోట్‌పల్లి ప్రాజెక్టుకు పోయే దారిలో ఒక ఫామ్‌హౌస్ ఉంది. గేటుకు ఎడమ పక్కన వేపచెట్టు. చెట్టు మొదలు చుట్టూ గిరి గీసినట్టు ఒక వలయం. ఆ వలయంలో గడ్డిపోచ మొలవదు, మట్టి తొక్కుడుకు నున్నబడి అలికిన అరుగులా ఉంటుంది. గీత దాటితే మోకాలెత్తు గడ్డి. నడుమ ఒక జర్మన్ షెపర్డ్. గొలుసు ఎంత పొడవో కొలవడానికి టేపు అక్కర్లేదు, ఆ మట్టి చెబుతుంది.

యజమాని హైదరాబాద్ మనిషి, నాకు బాగా పరిచయం. శని ఆదివారాలు వచ్చి పోతుంటాడు. "పిల్లప్పుడు ఎంత బుద్ధిగా ఉండేదండీ! ఇప్పుడు విప్పితే మీద పడుతుంది, రాత్రంతా మొరుగుతుంది, మామిడి మొక్కలన్నీ పీకేసింది. అసలు జాతి కుక్కేనా, మనకేమైనా అంటగట్టారా?" అని అడిగాడు. అప్పుడే ఆయన పెట్టిన బిర్యానీ తిని ఉన్నాను కాబట్టి నోరు మెదపలేదు. అక్కడ మింగిన మాటలు ఇక్కడ కక్కుతున్నాను.

జాతి కుక్కే. బాధంతా అదే. 1899లో జర్మనీలో మాక్స్ ఫాన్ స్టెఫానిట్స్ అనే మాజీ సైనికాధికారి ఒక ప్రదర్శనలో చూసి ముచ్చటపడి కొన్న కుక్కతో ఈ జాతికి అధికారిక లెక్క మొదలైంది. షెపర్డ్ అంటేనే గొర్రెల కాపరి. కంచెల్లేని చేల మధ్య మంద మేస్తుంటే, పక్క చేలో మూతి పెట్టకుండా గట్టు పొడుగునా పొద్దంతా అటూ ఇటూ తిరగడం దాని పూర్వీకుల ఉద్యోగం. అంటే అక్కడ కుక్కే కంచె, నడిచే కంచె. మనం దాన్ని తెచ్చి, చుట్టూ రాతి కడీలు పాతి ముళ్ల తీగ బిగించి, ఆ కంచె పక్కన కట్టేశాం.

మిగతావాటి సంగతీ అంతే. లాబ్రడార్ ముత్తాతలు కెనడా తూర్పు తీరంలో, న్యూఫౌండ్‌లాండ్ జాలర్ల దగ్గర చన్నీళ్లలో దూకి చేపలు, వలతాళ్లు పట్టుకొచ్చిన కుక్కలు. డాబర్‌మాన్‌ను తయారు చేసిన పెద్దమనిషి అదే పేరుగల పన్ను వసూలుదారు. పన్ను అడగబోయేవాడికి పక్కన అలాంటి తోడు ఎందుకు కావాలో వేరే చెప్పాలా? హస్కీ సైబీరియాలో మంచు మీద బండి లాగేది. 1925లో అలాస్కాలోని నోమ్ పట్టణంలో పిల్లలకు డిఫ్తీరియా సోకితే, వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు దూరం నుంచి మందు మోసుకొచ్చింది ఇలాంటి కుక్కల బండ్లే. ఆ హస్కీని ఏప్రిల్‌లో తాండూరులో, నాపరాయి పాలిషింగ్ షెడ్డు పక్కన కట్టేసి ఉండగా చూశాను. నాలుక జానెడు బయటపెట్టి రొప్పుతోంది. ఎండకు ఓర్చుకోలేకపోతోందని పాపం ఎవరో జాలిపడి బొచ్చంతా గొరిగించారు కూడా. ఆ రెండు పొరల బొచ్చే దానికి ఎండ నుంచి కూడా కాపుదల అని వాళ్లకు చెప్పినవాళ్లు లేరు.

ఒకరిని అనే ముందు నా సంగతి చెప్పుకోవాలి. మా ఇంట్లో నల్ల లాబ్రడార్ ఉంది, ముప్పై రెండు కిలోలు. పేరు మల్లిగాడు. మూడేళ్ల కింద, వాడికి ఏడాది నిండని రోజుల్లో, కోట్‌పల్లి కట్ట మీదికి తీసుకెళ్లాను. అవతల లైఫ్ జాకెట్లు వేసుకుని కుర్రకారు కయాకింగ్ చేస్తున్నారు. నీళ్లు కనబడగానే వీడికి న్యూఫౌండ్‌లాండ్ గుర్తొచ్చినట్టుంది. ఒక్క గుంజు గుంజాడు. నేను తాడు చేతికి చుట్టుకుని ఉన్నాను (ఎవరూ ఆ పని చేయకండి). కట్ట వాలు మీద బోర్లా పడ్డాను, మోచెయ్యి గీరుకుపోయింది, కళ్లజోడు ఎటో ఎగిరింది. లేచి పళ్లు కొరుకుతూ శక్తికొద్దీ వెనక్కి లాగుతుంటే, గొర్రెల మందతో వస్తున్న ఒక పెద్దాయన నిలబడి చూశాడు. భుజాన గొంగడి, పక్కన చెవి చిరిగిన ఊరకుక్క.

"అట్ల గుంజకు సారూ. నువ్వు గుంజినకొద్ది అది గుంజుతది. దానికి గదే ఆట."

"మరేం చెయ్యమంటవు కాకా?"

"ఏం జెయ్యకు. ఊకె నిలవడు. తాడు ఒదులైందాక అడుగు తియ్యకు. ఒదులైనంక నడువు."

"మరి నీ కుక్కకు తాడే లేదు?"

"దానికెందుకు? దానికి పనుంది గద."

డబ్బు పెట్టి కొన్న రెండు పుస్తకాల్లో చదివిందీ, యూట్యూబ్‌లో గంటల కొద్దీ చూసిందీ ఆయన నాలుగు ముక్కల్లో తేల్చేశాడు. లాగితే ఎదురు లాగడం కుక్క నైజం. తాడు బిగిసినప్పుడు దారి ఆగిపోతుందనీ, వదులైతే సాగుతుందనీ దానికి అర్థమైతే చాలు. అర్థం కావడానికి మాకు నెల పట్టింది. మొదటి రోజు మా వీధి చివరి కిరాణా కొట్టు దాకా, అంటే వంద గజాలు, ఇరవై ఐదు నిమిషాలు. నేను రోడ్డు మధ్యలో కరెంటు స్తంభంలా ఆగిపోవడం చూసి ఎదురింటావిడ మా ఆవిడతో "సారుకు షుగర్ గిట్ల పడిపోతున్నదా?" అని ఆరా తీసిందట. నాలుగో వారానికి మల్లిగాడు నా మోకాలి పక్కన నడిచాడు. నడిచిన ప్రతిసారీ జేబులోంచి వేయించిన శనగలంత కోడి ముక్క. ఆలస్యంగా ఇస్తే అది జీతమో లంచమో వాడికి తెలియదు, చేసిన క్షణంలోనే నోట పడాలి.

ఇంకో మాట. తెలుగిళ్లలో మనుషులందరం తెలుగులో మాట్లాడుకుని కుక్క దగ్గరికి వచ్చేసరికి ఇంగ్లీషు ఎత్తుకుంటాం. కొడుకు "సిట్" అంటాడు, కోడలు "సిట్ డౌన్ బేబీ" అంటుంది, అమ్మమ్మ "కూసో రా ముండా" అంటుంది. కుక్కకు ఇంగ్లీషూ రాదు, తెలుగూ రాదు. దానికి వచ్చేది చప్పుడు. ఒక పనికి ఇంటిల్లిపాదీ ఒకే చప్పుడు చేస్తే పట్టుకుంటుంది. మా ఇంట్లో ఓటింగ్ పెట్టుకుని మా అత్తగారి "కూసో"నే ఖాయం చేశాం.

పనుంది గద అన్నాడే కాపరి, దానికి రుజువు మనకు దగ్గర్లోనే, హైదరాబాద్ రోడ్డు మీద మొయినాబాద్‌లో ఉంది. అక్కడి పోలీసుల ఇంటెలిజెన్స్ శిక్షణ అకాడమీలో జాగిలాలను తయారు చేస్తారు. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, బెల్జియన్ మాలినోవా వంటివి. ఎనిమిది నెలల కోర్సు, చివర్లో పాసింగ్ ఔట్ పరేడ్. అయితే అక్కడ కుక్క ఒక్కటే శిక్షణ పొందదు, దాన్ని నడిపే హ్యాండ్లరూ దానితోపాటే నేర్చుకుంటాడు. బాంబు వాసన పట్టినందుకు ఆ కుక్కకు దక్కేది ఒక బంతి, దానితో రెండు నిమిషాల ఆట. దానికి అదంతా ఆటే. మనవాళ్లేమో "ట్రైనర్ దగ్గర నెల రోజులు వదిలేశాం, ఇంటికొచ్చాక మళ్లీ మామూలే" అని వాపోతారు. ట్రైనర్ మాట వినడం నేర్చుకుంది మరి. ఇంట్లోవాళ్లు ఏం నేర్చుకున్నారు?

మన పెరట్లో బాంబులుండవు, జొన్నరొట్టెలుంటాయి. ఒక రొట్టెను పదిహేను ముక్కలు చేసి పూలకుండీల వెనక, గోడ మూలల్లో, చీపురు కింద దాచి వదిలితే చాలు. మల్లిగాడు పావుగంట ముక్కుతో వెతికి, గంట పరిగెత్తినదానికన్నా హాయిగా అలసి పడుకుంటాడు. వానపడి బయటికి పోలేని రోజున మాకు దిక్కు ఈ ఆటే.

ఆ ఫామ్‌హౌస్ కుక్క కనబడినవాళ్లందరి మీదా ఎందుకు ఎగబడుతుందో కూడా చెప్పుకోవాలి. పుట్టిన మూడో వారం నుంచి మూడు, మూడున్నర నెలల దాకా కుక్కపిల్ల ఏం చూస్తే అదే దాని లోకం. గొడుగు, ఆటో, గడ్డపాయన, ఏడ్చే పిల్లాడు, బ్యాండుమేళం, అన్నీ అప్పుడే చూడాలి. టీకాలు పూర్తికానిదే నేల మీద తిప్పొద్దని డాక్టర్లంటారు, నిజమే, పార్వో చెడ్డ జబ్బు. చంకనెత్తుకుని తిప్పొచ్చుగా! ఆ వయసులో వేపచెట్టును, వాచ్‌మన్‌ను మాత్రమే చూసిన కుక్కకు మిగతా ప్రపంచమంతా దొంగలే.

ఇక తాండూరు నాపరాతి బండల సంగతి. మా ఇంటి నిండా అవే. నీడలో మల్లిగాడికి అంతకన్నా మంచి పరుపు లేదు, పొట్ట ఆనించి కప్పలా పరుచుకుంటాడు. కుక్కకు చెమట పట్టేది అరికాళ్లకే, మిగతాదంతా రొప్పి దించుకోవాల్సిందే. అదే బండ మిట్టమధ్యాహ్నం వాకిట్లో పెనంలా కాలుతుంది. అరచేతి వెనక వైపు ఆనించి ఐదారు సెకన్లు ఉంచలేకపోతే కుక్క పాదానికీ అది పనికిరాదు. పాలిష్ బండ మరో చిక్కు. బరువుగా పెరిగే పిల్ల దాని మీద కాళ్లు జారుతూ పరిగెడితే, పెద్ద జాతులకు ముందే బలహీనమైన తుంటి కీళ్లు ఇంకా దెబ్బతింటాయి. మేం ఏడాదిపాటు హాల్లో గోనెపట్టాలు పరిచాం. చుట్టాలొస్తే కొంచెం నామోషీగానే ఉండేది. తిండికొస్తే, మిగిలిన కూర కలిపిన అన్నం పెట్టకండి, అందులోని ఉల్లి కుక్క రక్తానికి విషం. తిన్న వెంటనే పరిగెత్తించకండి, లోతు ఛాతీ ఉన్న పెద్ద కుక్కలకు కడుపు మెలిక పడితే గంటల్లో ప్రాణం పోతుంది.

2024 మార్చిలో కేంద్రం 23 జాతుల్ని ప్రమాదకరమంటూ నిషేధించమని రాష్ట్రాలకు లేఖ రాసింది, రాట్‌వైలర్ కూడా ఆ జాబితాలో ఉంది. మరుసటి నెలలోనే కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. జాతుల మీద అంత చర్చ జరిగింది కానీ, గొలుసు మీద మనకు ఎప్పటి నుంచో ఒక చట్టం ఉందని ఎవరికీ గుర్తు రాలేదు. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ చూడండి. పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టేయడం తప్పు. అంతేకాదు, ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కకు తగినంత వ్యాయామం ఇవ్వకపోవడం కూడా విడిగా నేరమే. మొదటిసారి పట్టుబడితే జరిమానా పది రూపాయలకు తగ్గకుండా యాభై దాకా. ఆ సొమ్ముకు తాండూరు కందిపప్పు అర కిలో కూడా రాదు.

కోపంతో కాదు, లెక్కతో అడుగుతున్నాను. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట, పన్నెండేళ్లపాటు ఇవ్వగలరా? లేదంటే పెద్ద కుక్క జోలికి పోవద్దు. ఎండకు తట్టుకుంటుందని పొరుగున కర్ణాటకలోని బాగల్‌కోట జిల్లా ముధోల్ కుక్కను తెస్తామంటున్నారు కొందరు. నాకూ ముచ్చటే, 2005లో తపాలా బిళ్ల మీదికి ఎక్కిన జాతి అది. కాని కుందేలును తరిమి పట్టే కాళ్లవి. వాటినీ వేపచెట్టుకే కడతారేమోనని నా భయం.

చివరికి ఫామ్‌హౌస్ ఆయనతో నోరు విప్పాను. వాచ్‌మన్‌కు కుక్కంటే ప్రేమ, చెరువు దాకా రోజూ తిప్పుకొస్తానంటున్నాడు, అతనికి నెలకు ఓ రెండు వేలు ఎక్కువిచ్చి ఆ పని అప్పజెప్పండి, మీరు వచ్చిన రోజున మీరూ వెంట నడవండి అన్నాను. "మంచి ఐడియా, ఆలోచిస్తా" అన్నాడు. అది పోయిన దీపావళి మాట. అప్పటికి కుక్కకు పద్నాలుగు నెలలు.