గేరు కర్ర మన చేతికి రావాలె

లారీ కడిగేది మన పిల్లడే. టైరు విప్పేది మన పిల్లడే. గేరు కర్ర మాత్రం ముట్టనియ్యరు, డ్రైవరుకు నిద్రొచ్చిన అర్ధరాత్రి తప్ప! దొంగచాటుగా నేర్చేది విద్య ఎట్లయితది?

పాత లారీలో కింది గేరుకు రావాలంటే క్లచ్చి రెండుసార్లు తొక్కాలె. తొక్కి న్యూట్రల్ చేసి, వదిలి, కొంచెం రేసు ఇచ్చి, మళ్లీ తొక్కి గేరు వెయ్యాలె. ఘాటు దిగకముందే చిన్న గేరు పడాలె. డీజిలు మిగులుతదని న్యూట్రల్‌లో వదిలితే భారమంతా బ్రేకుల మీదే. అవి వేడెక్కితే పట్టవు. పోయేది మన ప్రాణమే.

ఎనిమిదో తరగతి పాసైతేనే లైసెన్సు అన్న నిబంధన 2019లో పోయింది. 20 ఏళ్లు నిండి, కారు లైసెన్సు తీసుకుని ఏడాదైతే లారీకి ఎల్.ఎల్.ఆర్. అడగవచ్చు. తమ్ముళ్లారా, క్లీనర్లుగానే ముసలోళ్లు కావద్దు. లైసెన్సున్న ఉస్తాదు పక్కన కూచుని పట్టపగలు నేర్వండి. ఊరూరా సంఘాలు ఈ పని భుజాన వేసుకోవాలె.