ట్రాక్టర్ కొంటున్నారా? హెచ్‌పీ చూసి పడిపోకండి

ఈసారి చేతిలో ఫోన్ లేదు, ట్రాక్టర్ బ్రోచర్ ఉంది. గూడూరు దగ్గర మాకు ఐదెకరాలు: రెండు వరి, మూడు నిమ్మతోట. నాన్న లోన్ పెట్టి 50 హెచ్‌పీ బండి తీసుకుంటానంటున్నారు. "ఫోన్లు చూసి చెప్తావు కదా, ఇది కూడా చూసి చెప్పరా" అన్నారు. చూశాను. నా ఓటు దానికి కాదు.

హెచ్‌పీ కూడా కెమెరా మెగాపిక్సెల్ లాంటిదే. పెద్ద అక్షరాల్లో వేస్తారు, పని దగ్గరికొచ్చేసరికి అసలు నంబర్ వేరే. రోటవేటర్‌ని తిప్పేది ట్రాక్టర్ వెనకుండే పీటీఓ షాఫ్ట్. ఇంజిన్ పవర్ గేర్లు దాటి అక్కడికి చేరేలోపు కొంత తగ్గిపోతుంది. కాబట్టి పీటీఓ హెచ్‌పీ ఎంతో అడగండి.

మన బెంచ్‌మార్క్ పిచ్చికి ఇక్కడా మందుంది. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో కేంద్ర ప్రభుత్వ ట్రాక్టర్ టెస్టింగ్ సంస్థ ఉంది. పీటీఓ పవర్, డీజిల్ ఖర్చు, లిఫ్ట్ బలం, చివరికి డ్రైవర్ చెవి దగ్గర మోత ఎంతో కూడా కొలిచి రిపోర్ట్ ఇస్తుంది. పది యూట్యూబ్ వీడియోల కంటే ఆ ఒక్క రిపోర్ట్ మేలు. చదవడానికి మాత్రం పరమ బోర్!

ఇక సైజు. వరికి ఏడాది మొత్తం మీద మాకు ట్రాక్టర్ పని 20 గంటలు మించదు. దమ్ముకి కిరాయి బండి పిలిస్తే సరిపోతుంది. తోట సంగతే వేరు. కలుపు, మందు కొట్టడం ఏడాది పొడవునా ఉంటాయి, పెద్ద బండి వస్తే కొమ్మలు విరుగుతాయి. మహీంద్రా జీవో 245, కుబోటా నియోస్టార్ బీ2441 లాంటివి ఇక్కడ పనికొస్తాయి. రెండూ 24 హెచ్‌పీ, ఫోర్ వీల్ డ్రైవ్, లిఫ్ట్ 750 కిలోలు. లోపం లేదా అంటే ఉంది: రోటవేటర్ చిన్నది పెట్టాలి, టైమ్ ఎక్కువ పడుతుంది. వడ్ల ట్రక్కు నిండుగా లాగమంటే ఆయాసపడుతుంది.

"పెద్దదైతే ఊళ్లో కిరాయికి తిప్పొచ్చు" అనేది నాన్న వాదన. ఇప్పటికే తిరిగేవాళ్లు ఊళ్లో ఎంతమంది ఉన్నారో ఆయనకీ తెలుసు. సీజన్ నెలన్నర, ఈఎంఐ 12 నెలలు. 2025 సెప్టెంబర్‌లో జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గిందని కూడా అంటున్నారు. తగ్గింది నిజమే, కానీ అది చిన్న బండికీ తగ్గింది కదా!

ఇంకోటి, మెకానిక్ ఎంత దూరంలో ఉన్నాడో చూడండి. ఫోన్ వారం రోజులు సర్వీస్ సెంటర్‌లో ఉన్నా బతికేస్తాం. తోటకి మందు కొట్టాల్సిన వారంలో బండి షెడ్డులో ఉంటే పురుగు మన కోసం ఆగదు.

నాన్న ఇంకా ఒప్పుకోలేదు. డీలర్‌ని మాత్రం మా తోటలోనే డెమో ఇమ్మన్నాం. చివరి చెట్టు దగ్గర కొమ్మ విరక్కుండా బండి వెనక్కి తిప్పి చూపిస్తే, అప్పుడు రేటు మాట్లాడతాం.