పంథీ బడిలోకి వచ్చింది, పంథీ కళాకారుడు గేటు దగ్గరే ఆగిపోయాడు

రాయ్‌పూర్‌లో ఒక బడి వార్షికోత్సవం. వేదిక మీద తెల్ల ధోవతులు కట్టుకుని, కాళ్లకు గజ్జెలు కట్టుకుని డజను మంది పిల్లలు. మధ్యలో థర్మకోల్‌తో చేసిన తెల్ల స్తంభం. స్పీకర్‌లో పాట మొదలైంది. నాలుగు నిమిషాల్లో పిల్లలు ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి పిరమిడ్ కట్టారు. హాలంతా చప్పట్లు. ఆ నృత్యం పేరు పంథీ. వ్యాఖ్యాత దాన్ని మన రాష్ట్రపు జానపద నృత్యం అని మాత్రమే పరిచయం చేశారు. సత్నామీ అనే మాట రాలేదు. గురు ఘాసీదాస్ పేరు రాలేదు. మాందర్ వాయించే కళాకారుడు కూడా లేడు. ఒక పిల్లవాడి మెడలో మాందర్ అలంకారంగా వేలాడుతోంది, అంతే.

పంథీ అంటే ఏమిటో తెలిసినవాళ్లకు ఆ నాలుగు నిమిషాలు మింగుడుపడవు. గురు ఘాసీదాస్ (1756–1836) ఛత్తీస్‌గఢ్‌లో అంటరానివాళ్లుగా ముద్రపడ్డ ప్రజల మధ్య నిలబడి, మనుషులంతా సమానమేనని, విగ్రహాలు అక్కర్లేదని, సత్యమే దైవమని చెప్పారు. ఆయనను అనుసరించినవాళ్లే సత్నామీలు. ప్రతి డిసెంబర్ 18న ఆయన జయంతి నాడు జైత్‌ఖామ్ అనే తెల్ల స్తంభం చుట్టూ మాందర్, తాళాల మోతతో ఆయన జీవితాన్ని, బోధల్ని పాడుతూ ఆడేదే పంథీ. వేదిక మీది థర్మకోల్ ముక్క ఆ జైత్‌ఖామ్‌కు నకలు. 2024 మే నెలలో గిరౌద్‌పురి దగ్గర అమర్ గుహ వద్ద ఉన్న జైత్‌ఖామ్‌ను ధ్వంసం చేశారు. సత్నామీల నిరసన జూన్ 10న బలోదాబజార్ కలెక్టరేట్ తగలబడేదాకా వెళ్లింది. రాయ్‌పూర్ బడి పిల్లలకు నకలు స్తంభం చుట్టూ ఆడటం వచ్చు. అసలు స్తంభాన్ని ఎవరు, ఎందుకు పడగొడతారో అడగడం మాత్రం ఎవరూ నేర్పలేదు.

బడిపిల్లల దగ్గరికి సజీవ కళలను తీసుకెళ్లాలని ఇప్పుడు చాలామంది అంటున్నారు. మంచి మాటే. 1977లో ఐఐటీ ఢిల్లీలో కిరణ్ సేఠ్ మొదలుపెట్టిన స్పిక్ మెకే దశాబ్దాలుగా పెద్ద పెద్ద విద్వాంసులను బడులకు, కాలేజీలకు తీసుకెళ్తోంది. ఫోన్ తెరలో చూసే పాటకూ, మూడడుగుల దూరంలో కూర్చుని ఊపిరి తీసుకుంటూ పాడే మనిషి పాటకూ ఉన్న తేడా పిల్లలకు తెలియాల్సిందే. కానీ ఈ తీసుకెళ్లడం అనే మాటలో ఒక ఊహ దాగి ఉంది. కళ ఎక్కడో పైన ఉందని, బస్తీ పిల్లల దగ్గర ఏమీ లేదని, దయగలవాళ్లు దాన్ని కిందికి దించాలని. రాయ్‌పూర్ చరిత్ర ఈ ఊహను ఒప్పుకోదు.

హబీబ్ తన్వీర్ 1923లో ఈ ఊళ్లోనే పుట్టారు, ఇక్కడి లారీ మునిసిపల్ హైస్కూల్లోనే చదివారు. లండన్‌లో నాటకశాస్త్రం చదివి వచ్చాక ఆయన వెతుక్కుంటూ వెళ్లింది నాచా కళాకారుల దగ్గరికి. 1973లో రాయ్‌పూర్‌లో వాళ్లతో శిబిరం నడిపారు. ఆయన నాటకాల్లో వెలిగిన ఫిదా బాయి సంచార దేవార్ సమాజపు ఆడబిడ్డ. ‘చరణ్‌దాస్ చోర్’ 1982లో ఎడిన్‌బరోలో ఫ్రింజ్ ఫస్ట్ అవార్డు గెలిచింది. ప్రాణం పోయినా అబద్ధమాడని ఆ దొంగ కథకు సత్యమే దైవమన్న సత్నామీ భావం, పంథీ పాట ఊపిరి పోశాయి. దేవదాస్ బంజారే పంథీని దేశదేశాల వేదికల మీదికి తీసుకెళ్లారు. బడి చదువు లేని పార్ధీ ఆడమనిషి తీజన్ బాయి పండవానీ పాడి 2019లో పద్మవిభూషణ్ అందుకున్నారు. ప్రపంచానికి రంగస్థలం అంటే ఏమిటో చూపించింది ఈ మనుషులు. అయితే ఒక ప్రాథమిక పాఠశాలలో కళల టీచరు ఉద్యోగానికి వీళ్లలో ఎవరు దరఖాస్తు చేసినా మొదట అడిగేది డిగ్రీయే.

ఇక 2009 సంగతి. జూన్ 8న తన్వీర్ మరణించారు. అదే ఏడాది ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ‘చరణ్‌దాస్ చోర్’ పుస్తకాన్ని బడుల్లో పుస్తక పఠన వారోత్సవం నుంచి తప్పించింది. పుస్తకంలో తమ సమాజం గురించి ఉన్న ప్రస్తావనల మీద సత్నామీ పెద్దలు అభ్యంతరం చెప్పారన్నది కారణం. భావప్రకటన స్వేచ్ఛ పేరుతో చాలామంది మేధావులు నిషేధాన్ని ఖండించారు. ఖండించాల్సిందే. కానీ తరతరాలుగా దొంగలన్న ముద్ర మోసిన సమాజాలకు ఒక ముద్రిత వాక్యం ఎందుకు గుచ్చుకుంటుందో వాళ్లలో ఎంతమంది ఆగి ఆలోచించారు? ప్రభుత్వానికి సులువైన దారి నిషేధం. కష్టమైన దారి ఇంకొకటి ఉంది. నాటకాన్ని పిల్లల ముందు ఆడించి, సత్నామీ పెద్దలను, నాచా కళాకారులను అదే గదిలో కూర్చోబెట్టి, ఈ మాట ఎందుకు బాధిస్తుంది, ఈ నాటకం దేన్ని గౌరవిస్తుంది అని పిల్లల చేత అడిగించడం. ఆ సంభాషణ జరగలేదు. పిల్లలు నాటకాన్నీ పోగొట్టుకున్నారు, ఆ చరిత్రనూ పోగొట్టుకున్నారు.

ఇది ఛత్తీస్‌గఢ్ గొడవ అనుకుని మనం తప్పుకోలేం. తెలంగాణలో పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్య గురించి 8వ తరగతి పిల్లలు పాఠం చదివారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2024లో అదే మొగిలయ్య హైదరాబాద్ శివార్లలో కట్టడం పనిలో కూలీగా కనిపించారు. నెలనెలా వచ్చే గౌరవ వేతనం ఆగిపోయిందని ఆయనే చెప్పుకున్నారు. డక్కలి కళాకారుడు పుస్తకంలో పాఠం కాగలిగాడు, బడిలో పంతులు కాలేకపోయాడు. మన విద్యావ్యవస్థకు కళ కావాలి, కళాకారుడి బతుకుతో మాత్రం పని లేదు.

ఇక్కడ మన ఉద్యమం లోపలి నుంచే ఒక బలమైన ప్రశ్న వస్తుంది. చావుకు, జాతరకు డప్పు కొట్టడం మన తాతలకు కళ కాదు, కులం నెత్తిన పెట్టిన వెట్టి. ఆ డప్పును అటకెక్కించి పిల్లల్ని బడికి పంపిన తల్లిదండ్రులు చేసింది తిరుగుబాటే. మళ్లీ బడిలోనే ఆ పిల్లల చేతికి డప్పు ఇస్తారా? ఈ భయం న్యాయమైనది. ఇంటిపేరు చూసి వాయిద్యం పంచే బడి మనకు వద్దు. కానీ అదే డప్పు పేరుతో 1994లో దండోరా ఉద్యమం లేచింది. మహారాష్ట్రలో అంబేద్కరీ జల్సాలు పాటతో, ఆటతో బాబాసాహెబ్ మాటను ఊరూరా మోశాయి. వాయిద్యం ఒకటే. వాయించమని ఎవరు ఆజ్ఞాపిస్తున్నారు, ఎవరు ఇష్టంతో ఎత్తుకుంటున్నారు అన్న దగ్గరే వెట్టికీ ఆత్మగౌరవానికీ తేడా.

కాబట్టి బడిలోకి కళ రావాలంటే కొన్ని షరతులు ఉండాలి. మొదటిది హోదా. జాతీయ విద్యా విధానం 2020 మీద మనకున్న విమర్శలు అలాగే ఉండనీ. స్థానిక కళాకారులను బడుల్లో బోధకులుగా తీసుకోవాలని అందులోనే రాసి ఉంది. ఆ వాక్యాన్ని పట్టుకుని అడగాలి. పంథీ కళాకారుడికి, నాచా కళాకారుడికి, చిందు కళాకారుడికి డిగ్రీ అడగకుండా టైంటేబుల్లో పీరియడ్, నెలకు జీతం, స్టాఫ్ రూంలో కుర్చీ కావాలి. శాలువా, జ్ఞాపిక వాటికి బదులు కావు.

రెండోది చరిత్ర. పంథీ నేర్పితే ఘాసీదాస్ ఎవరో చెప్పాలి, అంటరానితనం ఏమిటో చెప్పాలి. పాటలోంచి కులాన్ని తీసేసి తాళం మాత్రమే నేర్పడం కళను శుభ్రం చేయడం కాదు, దొంగిలించడం.

మూడోది, అందరూ నేర్చుకోవాలి. బ్రాహ్మణ పిల్లవాడు మాందర్ పట్టాలి. సత్నామీ పిల్లకు సితార్ కావాలంటే సితార్ అందాలి. వాయిద్యాలకు కులం ఉన్నంతకాలం ఏ కళా ప్రచారమైనా పాత ఏర్పాటుకు కొత్త రంగే.

నాలుగోది, దారి రెండువైపులా ఉండాలి. కళాకారులు బడికి రావడం ఒక్కటే చాలదు. డిసెంబర్ 18న బడి మొత్తం బస్తీకి నడిచి వెళ్లి, జైత్‌ఖామ్ దగ్గర నేల మీద కూర్చుని చూడాలి. అక్కడ ఆతిథ్యం ఇచ్చేది సత్నామీలు, అతిథులు మిగతావాళ్లు. ఆ కొద్దిసేపు తారుమారయ్యే స్థానాలు పిల్లలకు పాఠ్యపుస్తకం చెప్పలేనిది చెబుతాయి.

చివరగా మా సంగతి, పరిశోధక విద్యార్థుల సంగతి. మేం రికార్డర్ పట్టుకుని వెళ్తాం, గంటలకొద్దీ పాడించుకుంటాం, థీసిస్‌లో ఆ మనిషిని ‘సమాచారదాత’ అని రాస్తాం. డాక్టరేట్ మాకు వస్తుంది, ఆ మనిషి పేరు ఫుట్‌నోట్‌లోకి పోతుంది. బడులను ప్రశ్నించే ముందు ఈ అప్పు మనం ఒప్పుకోవాలి. మన విశ్వవిద్యాలయాల సెమినార్లలో వాళ్లను సాయంత్రం ‘సాంస్కృతిక కార్యక్రమం’లో ఆడించడం మాని, పొద్దున సెషన్‌లో మాట్లాడమని పిలవాలి. ఆ పని చేయడానికి ఏ ప్రభుత్వ ఉత్తర్వూ అక్కర్లేదు.

వచ్చే డిసెంబర్‌లో రాయ్‌పూర్ బడుల్లో మళ్లీ పంథీ ఆడతారు. చప్పట్లు కొట్టేముందు ఒక్క ప్రశ్న అడుగుదాం: ఈ పిల్లలకు ఇది నేర్పిన మనిషి ఎక్కడ? ఆ మనిషి ముందు వరుసలో గురువుగా కూర్చుని ఉంటే, అప్పుడు చప్పట్లు కొడదాం.