డిస్కు చూడకుండా టైరు పెంచొద్దు

పసుపు సీజన్ మొదలైతే నిజామాబాద్ మార్కెట్ యార్డు నుంచి హైదరాబాద్ వైపు పోయే లారీలు డిచ్‌పల్లి దగ్గరే 44వ జాతీయ రహదారి ఎక్కుతాయి. నాగపూర్ నుంచి దిగివచ్చే బండ్లు వాటితో కలుస్తాయి. ఆర్మూరు, బాల్కొండ పంట కదిలే ఈ నెలలు ఎండ ముదిరే నెలలు కూడా. మే వచ్చేసరికి ఈ జిల్లాలో 45 డిగ్రీలు కొత్త కాదు. నిండు లోడు, కాలే రోడ్డు, ఆగకుండా గంటల కొద్దీ పరుగు. టైరుకు ఇంతకంటే కఠినమైన పరీక్ష ఉండదు. ఆ పరీక్షకు మన లారీలు కొన్ని తమవి కాని టైర్లతో, తమవి కాని డిస్కులతో, అంటే టైరు ఎక్కే ఇనుప చక్రాలతో, వెళ్తున్నాయి.

యజమాని పెద్ద టైరు కోరుకోవడానికి కారణం ఉంది. 2018లో కేంద్రం ఇరుసు బరువు పరిమితులు పెంచింది. నాలుగు టైర్ల వెనుక ఇరుసుకు అంతకుముందు 10.2 టన్నులుండగా, అది 11.5 టన్నులైంది. లారీల మీద మామూలుగా కనిపించే 10.00-20 రేడియల్ టైర్లలో 146/143 అనే బరువు అంకె ఉన్నవి జంటగా వేసినప్పుడు ఒక్కొక్కటి 2,725 కిలోలు మోస్తాయి. నాలుగూ కలిపితే 10,900 కిలోలు. అంటే అనుమతి ఉన్న బరువు ఎత్తినా ఆ టైర్ల మీద 600 కిలోలు ఎక్కువ పడుతుంది. ఓవర్‌లోడు సంగతి వేరే చెప్పనక్కర్లేదు. కాబట్టి గట్టి టైరు కావాలనుకోవడంలో తప్పు లేదు. టైరు ఒక్కటే మార్చి, దాన్ని మోసే డిస్కును పాతదే ఉంచడంలో, లేదా స్క్రాప్ దుకాణంలో దొరికిన ఏదో ఒక డిస్కు బిగించడంలో ఉంది ప్రమాదం.

టైరు కూర్చునే డిస్కు అంచే రిమ్ము. 9.00-20 టైరుకు ఏడు అంగుళాల వెడల్పు రిమ్ము సరైనది. 10.00-20కి ఏడున్నర, 11.00-20కి ఎనిమిది. చివరి అంకె, అంటే రిమ్ము వ్యాసం, అన్నిటికీ 20 కాబట్టి పెద్ద టైరు చిన్న రిమ్ము మీద కూర్చుంటుంది, గాలి నిలుస్తుంది, బండి కదులుతుంది. ఎక్కకపోతే సమస్యే లేదు. ఎక్కుతుంది కాబట్టే అందరూ సరిపోయిందనుకుంటారు. ఇరుకు రిమ్ములో టైరు అంచులు దగ్గరికి నొక్కుకుపోయి, పక్క గోడలు ఉబ్బి, ప్రతి చుట్టుకూ ఎక్కువగా వంగుతాయి. ఆ వంగుడే వేడిగా మారుతుంది. లోపల రబ్బరు, తీగల పొరలు విడిపోతాయి. పైకి ఏమీ కనిపించదు.

వెనుక జంట టైర్ల దగ్గర పరిస్థితి మరీ సున్నితం. రెండు టైర్ల మధ్య గాలి ఆడే ఖాళీని నిర్ణయించేది డిస్కు లోతు, అంటే ఆఫ్‌సెట్. 9.00-20 జంటకు ఒక టైరు నడుమ నుంచి మరో టైరు నడుమకు దాదాపు 30 సెంటీమీటర్లు చాలు. 10.00-20 జంటకు దాదాపు 32 కావాలి. పాత డిస్కు మీద పెద్ద టైర్లు వేస్తే ఖాళీ బండిలో సందు కనిపిస్తుంది, లోడు పడ్డాక గోడలు ఉబ్బి ఒకదాన్నొకటి రాసుకుంటాయి. ఒకటి పేలితే మొత్తం బరువు పక్కదాని మీద పడుతుంది, అదీ పేలుతుంది. వేడెక్కిన రబ్బరు అంటుకుంటే లోడుతో సహా లారీ కాలిపోతుంది. ఈ సందు పెంచడానికి హబ్బుకూ డిస్కుకూ మధ్య ఇనుప ప్లేటు వేయడం ఇంకో తప్పు. ప్లేటు మందం మేరకు నట్టు పట్టే మర తగ్గిపోతుంది. బోల్టు రంధ్రాలు సాగదీసి మరో బండి డిస్కు బిగించడం అంతకంటే పెద్ద తప్పు. చక్రం ఊడి రోడ్డు మీద దొర్లితే లారీలో ఉన్నవాడి కంటే ముందు ఎదురొచ్చే బైకు మీది మనిషికి ముప్పు.

అందరికంటే ముందు చావు అంచున నిలబడేది గాలి కొట్టే కుర్రవాడు. ట్యూబు టైర్లున్న పాత లారీల రిమ్ము ఒక్క ముక్క కాదు. దానికి విడిగా లాక్ రింగు ఉంటుంది. ఒక కంపెనీ రింగు మరో కంపెనీ రిమ్ము గాడిలో కూర్చున్నట్టే కనిపించి, పూర్తిగా కూర్చోదు. తుప్పు పట్టినదీ, వెల్డింగు చేసినదీ అంతే. వంద పౌండ్లు దాటిన గాలి ఆ రింగు మీద టన్నుల బలంతో తోస్తుంది. జారిన రింగు ఎగిరి తగిలితే తల దక్కదు. అమెరికాలో ఈ చావులు చూసే 1980లో ఇలాంటి రిమ్ములకు ఇనుప బోను తప్పనిసరి చేశారు. టైరును బోనులో పెట్టి, పొడుగు పైపుతో దూరం నుంచి గాలి కొట్టాలి. గాలి బాగా తగ్గి నడిచిన టైరును బండి మీదే నింపకూడదు, విప్పి రిమ్ము చూడాలి. మన రహదారి పక్కన ఆ పిల్లవాడు రింగు మీద కాలు పెట్టి, సుత్తితో కొడుతూ గాలి పట్టిస్తున్నాడు. ఇది చూస్తూ ఊరుకోవడం మనకు అలవాటైపోయింది. ఆ అలవాటే భయపెడుతోంది.

చట్టం లేక కాదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు నిర్దేశాలకు విరుద్ధమైన మార్పులను నిషేధిస్తోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఒక కేరళ కేసులో దీన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణ, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పెట్టింది. ఎనిమిదేళ్లు దాటిన లారీ ఏటా ఫిట్‌నెస్‌కు రావాల్సిందే. అక్కడ టైరు అరుగుదల చూసే కళ్లు డిస్కు మీద ముద్రించిన వెడల్పునూ, లాక్ రింగునూ, జంట టైర్ల సందునూ చూడాలి. సందు చూడాల్సింది లోడు మీద.

యజమానులు చేయాల్సింది కష్టమైనది కాదు. టైరు కొనే ముందు డిస్కు మీది అంకె చదవాలి. పెద్ద సైజు కావాలంటే ఆ మోడల్‌కు కంపెనీ ఒప్పుకున్న డిస్కును ఇరుసంతటికీ కలిపి మార్చాలి. ముందు చక్రాలకైతే స్టీరింగు పూర్తిగా తిప్పి, ఎక్కడా రాయడం లేదని చూడాలి. బిగించిన తర్వాత 50 నుంచి 100 కిలోమీటర్ల లోపు ఆగి నట్లు మళ్లీ బిగించాలి. పికప్ బండ్లకు సోకు కోసం వెడల్పు చక్రాలు వేయించే యువకులకూ ఇవే లెక్కలు. డిచ్‌పల్లి నుంచి ఆర్మూరు దాకా రహదారి పక్క టైరు దుకాణాలకు బోను కొనే స్తోమత ఉండకపోవచ్చు. లారీ యజమానుల సంఘాలు, మార్కెట్ కమిటీ కలిసి, వచ్చే సీజన్ లోడ్లు కదలకముందే బోనులు పెట్టించాలి. బోను లేని చోట లాక్ రింగు టైరుకు గాలి పట్టించబోమని డ్రైవర్లు ఇప్పుడే తేల్చిచెప్పాలి.