పిక్క అదురూ, వుజూ సందేహమూ

 

గత సంవత్సరం షాబాన్ మాసంలో మదరసా వార్షిక పరీక్షలు, రమజాన్ ఏర్పాట్లు, మా రెండవ అమ్మాయి నికాహ్ ఖర్చుల లెక్కలు ఒక్కసారిగా నా మీద పడ్డాయి. ఒక రాత్రి ఇషా తరువాత నడుం వాల్చగానే ఎడమ పిక్కలోని కండరం తనంతట తానే అదరసాగింది. చర్మం కింద చిన్న చేపపిల్ల ఏదో కదులుతున్నట్లు ఉంది. మరునాడు కనురెప్ప మొదలుపెట్టింది. వారం తిరిగేసరికి వేళ్ళ కొసలలో చీమలు పాకినట్లు తిమ్మిరి, తొడ దగ్గర సెల్‌ఫోను వణికినట్లు సన్నని కంపనం. ఫోను మోగిందనుకుని జేబు తడుముకునేవాడిని. ఫోను చూస్తే అలమరలో ఉండేది.

మా ఇంటావిడ దిష్టి అన్నది. మస్జిద్‌లో ఒక పెద్దాయన జిన్నాతుల వ్యవహారమేమోనని చెవిలో చెప్పి, ఒక ఆమిల్ చిరునామా కూడా ఇచ్చారు. కన్ను అదిరితే శకునం చూసే అలవాటు మన ఇళ్ళలో కూడా ఉంది. మగవారికి కుడికన్ను మేలట, ఆడవారికి ఎడమకన్ను మేలట! శకునాలను నమ్మరాదని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించారని ఎరిగి ఉండి కూడా, రెప్ప అదరగానే అది ఏ వైపు రెప్పో చూసుకుంటాం. నేను ఆమిల్ వద్దకు వెళ్ళలేదు. అయితే అంతకంటే తెలివైన పని కూడా చేయలేదు. అర్ధరాత్రి దాటాక ఫోను తీసి వెతికాను. కండరాలు అదరడం ప్రాణాలు తీసే నరాల వ్యాధికి గుర్తు కావచ్చునని అందులో చదివాను. ఆ రాత్రి వరకు పిక్కకే పరిమితమైన అదురు తెల్లవారేసరికి భుజానికి, బొటనవేలికి పాకింది.

ఇక్కడ ఒక తప్పు ఒప్పుకోవాలి. అంతకు కొన్నేళ్ళ ముందు మా విద్యార్థి ఒకరి తల్లి వచ్చి, “హజ్రత్, అరికాళ్ళు తిమ్మిరెక్కి మండుతున్నాయి, రాత్రిళ్ళు నిద్ర ఉండడం లేదు” అని చెప్పుకున్నది. “దిగులు పెట్టుకోకండమ్మా, నమాజులో మనసు నిలపండి” అని చెప్పి, దుఆ చదివి ఊది పంపించాను. అది మధుమేహమని కొన్ని నెలల తరువాత బయటపడింది. అప్పటికే కాలి వేలికి పుండు పడి ఉంది. దుఆ చేయడం తప్పు కాదు. దుఆతో పాటు వైద్యుని వద్దకు వెళ్ళమని చెప్పకపోవడం నా తప్పు. రోగానికి చికిత్స చేయించుకోమన్న ప్రవక్త బోధనను ఏటా పిల్లలకు పాఠంగా చెప్పే నోరు, ఆ రోజు ఆ మాట చెప్పలేదు.

ఆ అమ్మ ముఖం గుర్తుకు వచ్చే నేను ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరు గారు నన్ను మడమల మీద, మునివేళ్ళ మీద నడిపించారు. పిడికిలి బిగించమన్నారు. మోకాలి కింద చిన్న సుత్తితో తట్టారు. రక్తంలో చక్కెర, థైరాయిడ్, కాల్షియం, విటమిన్ బి12 పరీక్షలు చేయించారు. అన్నీ సక్రమంగా ఉన్నాయి. “అయితే ఇదంతా నా ఊహేనా?” అని అడిగాను. “కాదు మౌలానా, మీ కండరం నిజంగానే అదురుతున్నది. అదరడానికి కారణమే మీరు భయపడుతున్నది కాదు” అన్నారు.

ఆయన చెప్పిన దానిని నాకు అర్థమైనంత వరకు చెబుతాను. ఆందోళనలో దేహం పారిపోవడానికో పోరాడడానికో సిద్ధమవుతుంది. అప్పుడు నరాలు చిన్న ప్రేరణకే స్పందిస్తాయి. నిద్రలేమి, అతిగా తాగే టీ దానికి తోడవుతాయి. నా టీ లెక్క రోజుకు ఏడు కప్పులు; మదరసా వంటమనిషి సాక్షి! ఇక తిమ్మిరి సంగతి. కంగారులో మనకు తెలియకుండానే ఊపిరి వేగంగా తీస్తాము. రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది, దానితో రక్తంలోని కాల్షియం నరాలకు అందే తీరు మారి, వేళ్ళలో, పెదవుల చుట్టూ చిమచిమలు పుడతాయి. వాటిని చూసి మరింత భయపడతాము, ఊపిరి మరింత వేగమవుతుంది.

ఇంత విన్న తరువాత కూడా నాలుగు రోజులకే “పరీక్షలో ఏదైనా తప్పిపోయిందేమో” అన్న గుబులు మళ్ళీ మొదలైంది. సరిగ్గా ఆ వారంలోనే ఫిఖ్హ్ తరగతిలో వుజూ పాఠం వచ్చింది. వుజూ చేసినట్లు నిశ్చయంగా తెలిసిన మనిషికి, అది భంగమైందేమోనన్న సందేహం మాత్రమే కలిగితే అతని వుజూ నిలిచే ఉంటుంది. నిశ్చయాన్ని సందేహం తొలగించలేదు. పాతికేళ్ళకు పైగా చెప్పిన పాఠం అది. మళ్ళీ మళ్ళీ వుజూ చేసే వస్వసా మనిషి వలెనే, నేను రోజుకు ఇరవై సార్లు పిక్క తడిమి చూసుకుంటున్నానని ఆ రోజు తెలిసింది. వస్వసా వచ్చినవాడిని మనం మళ్ళీ వుజూ చేయమనము, పట్టించుకోకుండా నమాజు కొనసాగించమంటాము.

హిజ్రీ మూడవ, నాలుగవ శతాబ్దాల పండితుడు అబూ జైద్ అల్-బల్ఖీ దేహారోగ్యాన్నీ మనో ఆరోగ్యాన్నీ కలిపి ఒకే గ్రంథం రాశారు; ఒకదాని బాధ రెండవదానికి సోకుతుందని ఆయనకు తెలుసు. వేయి సంవత్సరాల తరువాత కూడా మనం మనసు బాధను ఈమాన్ లోపంగా లెక్కగట్టడం విచారకరం.

అదురు వచ్చినప్పుడు దానిని ఆపాలని ప్రయత్నించడం మానుకున్నాను. చేతిలో ఉన్న పని చేతిలోనే ఉంచుతాను. ఫోనులో రోగాల వెతుకులాట పూర్తిగా బంద్. టీ రెండు కప్పులకు దిగింది. తగ్గించిన మొదటి మూడు రోజులు తలనొప్పి వచ్చింది, మీకూ రావచ్చు, మెల్లగా తగ్గించండి. అస్ర్ తరువాత అరగంట నడక. అన్నిటికంటే ఉపకరించింది తజ్వీద్ పాఠమే. పిల్లలకు మద్ద్ అక్షరాలను సాగదీసి, ఆగవలసిన చోట ఆగి చదవమని చెబుతూ, ఒంటరిగా ఉన్నప్పుడు నేనే ఊపిరాడనంత తొందరగా చదువుతున్నాను. నింపాదిగా చదివితే విడిచే ఊపిరి దీర్ఘమవుతుంది, గుండె నెమ్మదిస్తుంది.

సందేహం వుజూను తొలగించదు గాని, భంగమైనట్లు నిశ్చయమైతే వుజూ చేసుకోవలసిందే కదా. దేహం విషయంలో కూడా అంతే. చేయి పట్టు తప్పి గ్లాసు జారిపోవడం, పాదం ఈడ్చుకుపోవడం, ఒక కండరం సన్నబడిపోవడం, మాట ముద్దగా రావడం, మింగడం కష్టమవడం, తిమ్మిరి పాదాల నుండి పైకి పాకుతూ పోవడం, ఇవి కనిపిస్తే వెంటనే వైద్యునికి చూపించండి. మూతి ఒక పక్కకు వంకరపోయినా, ఒకవైపు కాలు చేయి ఉన్నట్టుండి పడిపోయినా, ఎవరి సలహా కోసమూ ఎదురుచూడక 108కు ఫోను చేయండి. షుగరుకు మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవారికి బి12 తగ్గవచ్చు. తిమ్మిర్లుంటే ఆ పరీక్ష గురించి అడగండి. ఇంకొకటి, ఖాదాలో ఎక్కువసేపు కూర్చుంటే కాలు మొద్దుబారడం నరం ఒత్తుకోవడం వల్లనే. లేచి నాలుగడుగులు వేస్తే పోతుంది. దానికి ఇవేవీ వర్తించవు.

ఆ తల్లి పుండు మానింది. నెలకొకసారి మదరసాకు వచ్చి షుగరు చీటీ నాకు చూపిస్తుంది. అందులోని అంకెలన్నీ నాకు అర్థం కావు, అయినా ఆసాంతం చదివి, తరువాతే దుఆ చేస్తాను. నిన్న రాత్రి ఈ వ్యాసం రాస్తుండగా నా ఎడమ పిక్క రెండుసార్లు అదిరింది. మూడవసారి అదిరిందో లేదో, నిద్ర పట్టేసింది.